గిరాకీకి వేసిన తాళం

చీర కట్టుకుని, సంచిలో నీళ్ల సీసా పెట్టుకుని, అత్తమ్మకు చాయ్ ఇచ్చి, "పోయొస్త అత్తమ్మా" అని మెట్లు దిగి దుకాణంలోకి వచ్చి షట్టర్ ఎత్తబోతే అది లేవలేదు.

మొదట నా నడుము మీదే అనుమానం వచ్చింది. నలభై దాటిన ఆడమనిషికి ఏది కదలకపోయినా ముందు తన నడుమే గుర్తొస్తుంది. సంచి పక్కన పెట్టి, కొంగు దోపి, రెండు చేతులతో గట్టిగా లాగాను. షట్టర్ గలగలమంది కానీ లేవలేదు. వంగి, చెంప గచ్చుకు ఆనించి, కింద ఉన్న వేలెడు సందులోంచి చూశాను. రోడ్డు మీద పోతున్న చెప్పులు కనిపించాయి. ఇటొకటి అటొకటి రెండు తాళాల అడుగు భాగాలు కనిపించాయి. రెండూ బయటే ఉన్నాయి.

మా ఇల్లు ఎట్లాంటిదో చెప్పాలి. జనగామ బజారులో కింద కిరాణా హోల్‌సేల్ దుకాణం, పైన మేము. మెట్లు దుకాణంలోకే దిగుతాయి. వెనక గోడ, ఆ గోడ వెనక ఇంకొకళ్ల గోదాము. ఈ ఇంట్లోంచి మనిషి బయటపడాలంటే బెల్లం బుట్టలు, నూనె డబ్బాలు దాటి గల్లా ముందు నుంచి షట్టర్ దాకా రావాల్సిందే. నా పెళ్లి కుదిరినప్పుడు మా నాయిన ఇదంతా తిరిగి చూసి, "ఇల్లు, దుకాణం ఒక్కటే. బిడ్డకు ఎండ గూడ తగలది" అని మురిసిపోయాడు. ఆయన మాట నిజమే అయింది.

మళ్లీ మెట్లెక్కాను.

"ఏందమ్మా, మల్లొచ్చినవ్?" అంది అత్తమ్మ చాయ్ గ్లాసు దించకుండానే.

"బయట తాళమేసి పోయిండ్రు అత్తమ్మా."

"అమావాస్య గద." సూర్యుడు తూర్పున లేచాడన్నంత మామూలుగా అంది. "ఎయ్యకుంటే తరిగొప్పుల, నర్మెట ఊళ్లోళ్లు వచ్చి షట్టర్ కొడుతనే ఉంటరు. నోటితోని బంద్ అంటే ఎవరికెక్కుతది? తాళం కనవడాలె."

"మనం లోపలున్నం గదా."

"మనం ఎప్పుడు లోపలనే ఉన్నం."

అమావాస్యకు మా బజారు బంద్. ఆ రోజు మగవాళ్లు గుడికో, చుట్టాల ఇంటికో పోతారు. పోతూ షట్టర్‌కు తాళం వేస్తారు. అది మమ్మల్ని ఆపడానికి వేసింది కాదు, గిరాకీని ఆపడానికి వేసింది. మేము లోపల ఉండిపోవడమన్నది ఎవరూ అనుకుని చేసింది కాదు, మధ్యలో పడిందంతే. ఇన్నేళ్లలో నాకూ తెలియలేదు, ఎందుకంటే అమావాస్య నాడు గడప దాటాల్సిన పని నాకు ఎన్నడూ పడలేదు. తలుపు మూసి ఉందని దాన్ని తొయ్యని వాళ్లకు ఎట్లా తెలుస్తుంది?

ఈ రోజు పని పడింది. మానుకోటలో పని. రైలు టికెట్ల మీద మహబూబాబాద్ అని ఉంటుంది కానీ మాకందరికీ మానుకోటే.

అక్కడి ఆడపిల్లల గురుకులంలో ఆటల టీచర్ జమున. దంతాలపల్లి దగ్గరి తండా పిల్ల. హనుమకొండలో మేమిద్దరం ఒకే కాలేజీ, ఒకే హాస్టల్ గది, ఒకే క్రికెట్ జట్టు. ఆమె బంతి వేసేది, నేను వికెట్ల వెనక పట్టేదాన్ని. ఆమె వేసిన బంతులకు నా ఎడమచేతి చిటికెన వేలు ఇప్పటికీ కొంచెం వంకరే. పెళ్లి తర్వాత నేను జనగామ వచ్చాను, ఆమె ఉద్యోగం కోసం ఊళ్లు తిరిగింది. ఆమె పెళ్లికి పిలిచింది, నేను కొత్త కోడలిని, పోలేదు. ఉద్యోగం వచ్చినప్పుడు దావత్‌కు పిలిచింది, ఇప్పుడు హాస్టల్‌లో ఉండి చదువుతున్న బాబు అప్పుడు కడుపులో ఉన్నాడు, పోలేదు. ఇల్లు కట్టుకుని పిలిచింది, దీపావళి గిరాకీ, ఇంటి నిండా పనివాళ్ల వంట, పోలేదు.

మొన్న నవంబరులో మన ఆడవాళ్లు ప్రపంచ కప్పు గెలిచిన తర్వాత జమున ఫోన్ చేసింది. "ప్రసూనా, మా పొల్లలు ఏమంటున్నరో తెలుసా? ఆడోళ్ల క్రికెట్ ఇగ షురువైంది మేడం అంటున్నరు. మొన్న షురువైందట! వీళ్లకు ఆ కథలన్నీ చెప్పాలె. నేను చెప్తే తిట్టినట్టుంటది. నువ్వే రావాలె."

ఆ కథలు మాకు చెప్పింది మా కాలేజీ ఆటల మేడం. టోర్నమెంటుకు పోయే బస్సులో, మూటల మీద కూర్చోబెట్టి చెప్పేది. నాకు అన్నీ గుర్తున్నాయి. డిగ్రీలో చదివిన ఎకనామిక్స్‌లో ఒక్క ముక్క గుర్తులేదు.

"వస్తనే" అన్నాను.

జమున అంది, "ఈసారి రాకుంటే ఇగ పిలువనే. కోపం గాదు. పిలిచి పిలిచి నాకే సిగ్గయితంది."

అందుకే నిన్న రాత్రి అన్నం పెడుతూ మా ఆయన ఉపేందర్‌కు మళ్లీ చెప్పాను. "రేపు మానుకోట పోతున్న. యాదున్నదా?"

"ఉన్నది. ఏదో మాట్లాడుతనంటివి?"

"ఆడోళ్ల క్రికెట్ జట్టు చరిత్ర."

"దానికి చరిత్ర ఉన్నదా? మొన్ననే గద గెలిచిండ్రు." అని పప్పు కలుపుకుని, "పో, ఎవరొద్దన్నరు? నేనే దింపుదును గని, నాయినను తీస్కొని కాళేశ్వరం పోవుడుండె" అన్నాడు. నిజంగానే అన్నాడు. ఆయన మంచివాడు. ఈ కథలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. ఉంటే పని తొందరగా తెమిలేది.

తెల్లారకముందే మామయ్యను కారెక్కించుకుని పోయాడు. పోతూ తాళాలు వేశాడు.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మామయ్యకు చేస్తే ఆయన ఫోన్ వంటింట్లోనే చార్జింగు దగ్గర మోగింది.

మేడ మీదికి పోయాను. పక్క మేడ మీద ఉమ బట్టలు ఆరేస్తోంది. ఉమ వాళ్లది స్టీలు సామాన్ల దుకాణం.

"ఉమా, మీ దిక్కు నుంచి దిగి పోత. పిట్టగోడ దాటిస్తవా?"

"దా అక్కా, కుర్సీ ఏస్త." కుర్చీ తెచ్చి వేసి, అంతలోనే ఆగింది. "గని అక్కా, మాది గూడ తాళమే."

"నీకు ముందే తెలుసా?"

"ఇప్పుడే గుర్తొచ్చింది. పొద్దుగాల చప్పుడు ఇనవడ్డది."

ఉమ అవతలి మేడ వైపు తిరిగి, "రాజీ! ఓ రాజీ! మీ షట్టర్ ఏసున్నదా?" అని కేకేసింది. బట్టల దుకాణం రాజీ మెట్లు దిగి పోయి, చూసి, మళ్లీ ఎక్కి వచ్చింది. ముఖం చూస్తేనే తెలిసింది.

"మాది గూడ. పెండ్లయినకాడికెల్లి గిట్లనేనా?"

"ఏమో. ఎన్నడన్న తీసి చూసినమా?" అంది ఉమ.

రాజీ ఇంటి తర్వాత సందు. అది ఎగిరి దాటేంత చిన్నది కాదు, దూకేంత తక్కువ ఎత్తూ కాదు. బజారు పొడుగునా మేడల మీద అమావాస్య ఎండలో చీరలు ఆరుతున్నాయి. ప్రతి మేడ మీదా ఒక ఆడమనిషి. కింద వరసగా తాళాలు. బయటి నుంచి చూసేవాళ్లకు బజారంతా నిమ్మళంగా సెలవు తీసుకుంటున్నట్టుంటుంది.

ఎదురుగా ఒక్క నరేశ్ దుకాణమే తెరిచి ఉంది. వెల్డింగ్ పని. పిట్టగోడ మీదికి వంగి పిలిచాను.

"నరేశ్! జర ఇటు రా. మిషన్ తెచ్చుకో."

నరేశ్ కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని వచ్చి కింద నిలబడ్డాడు. "ఏంది వదినా?"

"తాళాలు కొయ్యాలె. నేను మానుకోట పోవాలె."

నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపాడు. "అన్నకు ఫోన్ చేసిండ్రా?"

"ఎత్తుతలేడు."

"అన్న చెప్పకుంట సేటు దుకాణం తాళం మీద చెయ్యెట్ల ఏస్త వదినా? రేపు ఏదన్న పోయిందంటే నా మెడకే." అని తనూ ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఉమ వాళ్ల ఆయనకు ఉమ ఫోన్ చేసింది. ఆయన కూడా ఉపేందర్‌కే చేసి అడిగి చెప్తానన్నాడు. నన్ను నా ఇంట్లోంచి బయటికి తియ్యడానికి అప్పటికి చాలామంది ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. అందరూ ఒక్క మనిషికే చేస్తున్నారు. ఆ మనిషి గోదావరిలో మునిగి ఉన్నాడు.

పొద్దుటి రైలు పోయింది. మా మేడ మీదికి దాని కూత వినిపిస్తుంది. రోజూ వినేదే. ఆ రోజే నన్ను పేరు పెట్టి వెక్కిరించినట్టు అనిపించింది.

జమునకు ఫోన్ చెయ్యాలి. చేతిలో ఫోన్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఏమని చెప్పాలి? తాళం వేసి పోయారంటే నా సంసారం గురించి లేనిపోనిది అనుకుంటుంది. పని ఉందంటే మళ్లీ అదే పాత మాట. చివరికి "లేటయితది" అని మెసేజ్ పెట్టాను. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

మధ్యాహ్నం ఉపేందరే చేశాడు. వెనక గుడి గంటలు.

"ఏంది, ఇన్ని ఫోన్లు? అందరు బాగనే ఉన్నరా?"

"తాళాలు ఏసి పోయిండ్రు."

"ఏసిన్నా?" అన్నాడు. "అరెరే. చెయ్యి అట్లనే పోయింది ప్రసూనా. నువ్వు పోయేదుందని యాదికే ఉండె. తాళమేసుకుంట గూడ అనుకున్న, ప్రసూనకు బండి అందుతదో లేదో అని."

"అనుకుంటనే ఏసిండ్రా?"

"ఆఁ."

కోపం తెచ్చుకుందామనుకున్నాను. ఆ మనిషి గొంతులో అంత నిజమైన బాధ ఉంటే కోపం ఎక్కడ నిలబడుతుంది? "నరేశ్‌తోని కోపిస్త" అన్నాను.

"అమావాస్య నాడు దుకాణం తాళం పగలగొడుతరా? నాయిన ఇంటే తట్టుకుంటడా? జర ఆగు. భూపాలపల్లిల పెదనాయిన ఇంట్ల భోజనం పెట్టుకున్నరు. తిని బయలెల్లుతం. పొద్దుమూకే వరకు ఇంట్ల ఉంటం. వాళ్లెటు పోతరు? ఇంకోనాడు పోరాదు?"

వాళ్లు ఎటూ పోరు. నేనూ ఎటూ పోను. ఆయన లెక్కలో తప్పేమీ లేదు.

అదే మాట నరేశ్‌కు కూడా ఫోన్‌లో చెప్పినట్టున్నాడు. కింద నరేశ్ మిషన్‌కు వైరు చుట్టుకుంటూ, "తాళం ముట్టద్దన్నడు వదినా, ఏమనుకోకు" అని పోయాడు.

అన్నాలు తిన్నాం. తిని అందరం మళ్లీ మేడల మీదికే చేరాం. అత్తమ్మ కందిపప్పు చేటలో పోసుకుని నీడకు కూర్చుంది. పిట్టగోడకు అటు ఉమ, ఉమ మేడ మీదికే దాటి వచ్చిన రాజీ. మేడ నుంచి మేడకు దాటడానికి మాకు అడ్డులేదు. ఆకాశం వైపు తాళం ఎవరూ వెయ్యలేదు.

"అసలు ఏం చెప్పుదామని పోతుంటివి అక్కా?" అంది రాజీ. "మాకన్న చెప్పు. చీర నలుగుడు దండుగయితది."

చెప్పాను. డెబ్భై మూడులో ఆడవాళ్ల క్రికెట్‌కు మన దేశంలో ఒక సంఘం పెట్టారు. ఆడేవాళ్లు రిజర్వేషన్ లేని పెట్టెల్లో, పరుపు చుట్టలు నెత్తిన పెట్టుకుని ఊరూరా పోయేవాళ్లు. హాల్లో వరసగా నేల మీద పడుకునేవాళ్లు. బ్యాట్లు జట్టు మొత్తానికీ కలిపి ఉండేవి. అవుటైన మనిషి వస్తూ వస్తూ తర్వాతి మనిషికి బ్యాటిచ్చి పోయేదని మా మేడం చెప్పేది.

"మా ఇంట్ల ఇస్త్రీపెట్టె లెక్క" అంది ఉమ.

డెబ్భై ఆరులో పాట్నాలో వెస్టిండీస్ మీద మొట్టమొదటి టెస్టు గెలిచారు. చూడడానికి వేలకు వేల జనం వచ్చారు.

"వేల జనమా? టీవీల్లేని కాలంలనా?" అంది రాజీ.

"టీవీల్లేవనే వచ్చిండ్రేమో" అంది ఉమ.

తర్వాత లండన్ సంగతి చెప్పాను. లార్డ్స్ అని క్రికెట్‌కు కాశీ లాంటి మైదానం ఉంది. అందులో పెద్దమనుషులు కూర్చునే పాత మిద్దె ఒకటి. దాని సంఘంలో ఆడవాళ్లను సభ్యులుగా చేర్చుకోవడానికి తొంభైల చివరిదాకా వాళ్లకు మనసు రాలేదు. అంతకుముందు మన జట్టు అక్కడికి పోతే కెప్టెన్‌ను కూడా ఆ తలుపు దగ్గర ఆపేశారు.

అత్తమ్మ చేట చెరగడం ఆపింది. "ఆట ఆడనిచ్చిండ్రా?"

"ఆడనిచ్చిండ్రు. ఆట బయట మైదానంల గద. మిద్దెలకే రావద్దన్నరు."

"ఎందుకట?"

"ఎందుకేముంది అత్తమ్మా, అది అట్లనే ఉండె. వాళ్లకు అలవాటు."

అత్తమ్మ చేట పక్కన పెట్టింది. కాసేపు కింద బజారు వైపు చూసింది. తర్వాత నాతో కాకుండా ఎండతో మాట్లాడుతున్నట్టు అంది, "నేనొచ్చినప్పుడు దుకాణానికి చెక్క పలకల తలుపు. ఒకదానెంట ఒకటి తీసి గోడకు పెట్టేది. లోపట గడియ ఉండె. నడిమి పలక ఒక్కటి తీసుకొని నేను పోచమ్మ కాడికి పోయొచ్చేది. మా అత్తకు తెల్వక." ఉమ కిసుక్కున నవ్వింది. "షట్టర్ వచ్చినంక లోపటి గడియ పోయింది. షట్టర్ పెట్టిననాడు కొబ్బరికాయ నేనే కొట్టిన."

అత్తమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది.

"నరేశ్‌ను పిలువు."

నరేశ్ మళ్లీ వచ్చి కింద నిలబడ్డాడు.

"ఒరే నరేశా, మా కొడుకు ఏమన్నడురా నీతోని?"

"తాళం ముట్టద్దన్నడు పెద్దమ్మా."

"ముట్టకు. అమావాస్య నాడు మా దుకాణం తాళం మీద చెయ్యి పడితే నేను ఊకోను. కింద గచ్చుల పాతిన కొండ్లున్నయి సూడు, తాళం పట్టుకునేటియి. అవి ఎవరు పెట్టిండ్రు?"

"మా నాయిన బిగించిండు పెద్దమ్మా."

"మీ నాయిన బిగించిన కొండ్లు నువ్వు కొయ్యరాదా? తుప్పు పట్టినయి. నేను మార్పిస్తున్న. కొండ్ల గురించి ఏమన్న చెప్పిండా మా ఉపేందర్?"

నరేశ్ తల పైకెత్తి చాలాసేపు అత్తమ్మను చూశాడు. వ్యాపారస్థుల ఇంట్లో ఇన్నేళ్లు ఉన్న మనిషితో మాటల బేరంలో నెగ్గడం కష్టమని అతనికి తెలుసు. "కొండ్ల గురించైతే ఏం చెప్పలే" అన్నాడు.

"మరి?"

నేను కిందికి పరిగెత్తాను. చీకటి దుకాణంలో బెల్లం వాసన మధ్య నిలబడి వింటుంటే, షట్టర్ అవతల మిషన్ అరిచింది. కింద సందులోంచి నిప్పురవ్వలు గచ్చు మీదికి చిమ్మాయి. అది ఆగి, రెండోవైపు మళ్లీ మొదలైంది. తర్వాత నరేశ్ ఒక్క ఊపుతో షట్టర్ ఎత్తాడు. వెలుతురు కళ్లలో కొట్టింది. తాళాలు రెండూ షట్టర్‌కే వేలాడుతున్నాయి, మూసినవి మూసినట్టే, తెగిన కొండ్లను గట్టిగా పట్టుకుని.

ఆ షట్టర్‌ను మళ్లీ మూసి ఉంచేది ఏదీ లేదు కాబట్టి అత్తమ్మ వచ్చి గల్లా దగ్గర కూర్చుంది. నేను పెళ్లై వచ్చాక ఆమె ఆ గద్దె మీద కూర్చోవడం ఎన్నడూ చూడలేదు. ఆమె సర్దుకునే లోపే తువ్వాల భుజాన వేసుకున్న ఒక పెద్దాయన లోపలికి తొంగి చూశాడు.

"తెరిచిండ్రా అమ్మా? తరిగొప్పుల నుంచొచ్చిన. నూనె డబ్బ కావాలె."

"బంద్."

"తెరిచే ఉన్నది గదమ్మా?"

"గాలికి తెరిచినం. బంద్ అంటే బంద్." నా వైపు తిరిగింది. "నువ్వింక ఇక్కడనే ఉన్నవా?"

రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. నేనొక్కదాన్నే రైలెక్కి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టబోయి మానేశాను. సంతోషంగా ఉండాలి కదా, లేను. పదకొండు గంటలకు రమ్మన్న మనిషి దగ్గరికి సాయంత్రానికి పోతున్నాను. పోయి ఏం చెప్పాలి? కాజీపేట దాటింది, వరంగల్ దాటింది. ప్రతి స్టేషన్‌లోనూ దిగి వెనక్కి పోదామా అనిపించింది. అలవాటైన గదిలోకి కాళ్లు వాటంతటవే తిరుగుతాయి. తాళం వేసేది ఉపేందర్ చెయ్యి ఒక్కటే కాదు.

మానుకోటలో ఆటో మాట్లాడుకుని గురుకులానికి చేరేసరికి ఎండ చల్లబడి పొద్దు వాలుతోంది. మైదానంలో జమున ఒక్కతే మ్యాటు చుడుతోంది. జుట్టు నెరిసింది. నడక మాత్రం అదే, బంతి వెయ్యడానికి పోతున్నట్టు.

నన్ను చూసి ఆగింది. పరిగెత్తి రాలేదు.

"వచ్చినవా."

"వచ్చిన."

"పొల్లలు గంటసేపు ఎండల కూసున్నరు. నీ కోసమని పాట నేర్చుకున్నరు. ఇగ రాదు, మేడంకు ఇంట్ల పని పడ్డదని నేనే చెప్పిన." మ్యాటు మీది దుమ్ము దులిపింది. "ఆ మాట అనుడు నాకు అలవాటే గద."

"తాళమేసి పోయిండ్రే."

జమున చేతులు ఆగాయి. "ఎవరు?"

"ఉపేందర్."

నా ముఖమంతా వెతికి చూసింది. "కొట్టిండా?"

"ఛీ, లేదే. మంచోడే. నేను పోయేది యాదుంచుకొనే ఏసిండు. అలవాటుల ఏసిండు."

జమున మ్యాటు వదిలేసింది. "అది ఇంక అన్యాయమే" అంది. తర్వాత నవ్వింది. నవ్వుతూ నా ఎడమచెయ్యి పట్టుకుని లాగి, "మరెట్ల వచ్చినవే?" అంది. కొండ్ల సంగతి చెప్పాను. మైదానం మధ్యలో కూర్చుని నవ్వింది. కళ్లు తుడుచుకుని, "మీ అత్తను గూడ తోల్కరాకపోతివి" అంది.

"పొల్లలేరి?"

ఆమె తల ఎత్తి హాస్టల్ వైపు చూపించింది. రెండంతస్తుల భవనం. పై అంతస్తు వరండాకు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఇనుప జాలీ. దాని వెనక వరసగా ముఖాలు.

"స్టడీ అవర్ పడ్డది. మెట్ల కాడ గ్రిల్‌కు తాళమేస్తరు. తాళంచెవి వార్డెన్ మేడం కాడుంటది, ఆమె మీటింగుకు పోయింది. పొల్లల మంచికే పెట్టిన రూలు."

"మంచికే" అన్నాను.

నేను నడిచి పోయి ఆ జాలీ కింద నిలబడ్డాను. మెడ వెనక్కి వంచితే తప్ప వాళ్లు కనిపించరు. పైన గుసగుసలు. ఒక పిల్ల జాలీకి ముక్కు ఆనించి అడిగింది, "మేడం, పొద్దుగాల రావాల్సిన మేడం మీరేనా?"

"నేనే. నీ పేరేంది?"

"చాందీ. ఫాస్ట్ బౌలింగ్ ఏస్త."

పక్క పిల్ల వాళ్ల తండా భాషలో ఏదో అంది. అందరూ పగలబడి నవ్వారు. జమున కూడా నవ్వింది కానీ నాకు తెలుగులో చెప్పలేదు.

"మరి చెప్పుండ్రి మేడం. మేం కిందికి రాలేం."

గొంతు పెంచి మొదలుపెట్టాను. ఇన్నేళ్లుగా గరిట తప్ప మరొకటి పట్టని మనిషి గొంతు అంత దూరం పోతుందని నాకు తెలియదు. రైలు పెట్టెలు చెప్పాను, పరుపు చుట్టలు చెప్పాను. పాట్నాలో గెలుపు దగ్గర జాలీ మీద చేతులతో కొట్టి దడదడలాడించారు. తర్వాత డెబ్భై ఎనిమిదికి వచ్చాను. ప్రపంచ కప్పు మన దేశంలోనే జరిగింది. మనవాళ్లు మొదటిసారి ఆడింది ఆ కప్పే. ఆఖరి ఆట మన హైదరాబాద్‌లోనే జరిగింది.

"మనోళ్లు గెలిచిండ్రా?"

"ఒక్కటి గూడ గెలవలే. ఆడినయన్ని ఓడిపోయిండ్రు. హైదరాబాద్‌ల ఆడింది మనోళ్లు గాదు, ఇంగ్లండోళ్లు, ఆస్ట్రేలియోళ్లు."

చాందీ అడిగింది, "మేడం, వాళ్లను ఇంట్లోళ్లు పోనిచ్చిండ్రా, ఆటకు?"

మా ఆటల మేడం ఇది ఎప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు. "ఇంట్లోళ్లు పోనిచ్చినోళ్లే ఆడిండ్రు" అన్నాను. "పోనియ్యనోళ్ల పేర్లు చరిత్రల లేవు."

"వాళ్లు ఎంతమంది మేడం?"

"తెల్వది బిడ్డా. ఎవరు రాసిపెట్టలే."

అప్పుడు ఫోన్ మోగింది. ఉపేందర్. ఎత్తాను.

"ప్రసూనా, ఎక్కడున్నవ్? అమ్మ గల్లా మీద కూసున్నది. లెవ్వుమంటే లెవ్వది. తాళాలు ఏసే ఉన్నయి, కొండ్లు లెవ్వు! నాయిన తాళాలు చూసి, ఏసే ఉన్నయి గదరా అంటున్నడు. నాకేం సమజయితలేదు. అన్నం ఎవరు పెడుతరు? నువ్వు ఎప్పుడొస్తవ్?"

పైన జాలీ వెనక పిల్లలంతా ఫోన్ వైపే చూస్తున్నారు. జమున చేతులు కట్టుకుని, నేను ఏం చెప్తానా అని చూస్తోంది.

"ఇంకా డెబ్భై ఎనిమిదిలనే ఉన్నం" అన్నాను. "రెండువేల ఇరవై అయిదు దాంక రావాలె."

"అంటే ఎంతసేపు?"

"అన్ని ఓడిపోవాలె గదా ముందుగాల. టైం పడుతది. కుక్కర్ కడిగి పెట్టిన, బియ్యం డబ్బ కిందనే ఉన్నది" అని చెప్పి ఫోన్ సంచిలో వేసుకుని, పైకి చూసి, "ఆఁ, చాందీ, యాడున్నం?" అన్నాను.

"ఓడిపోయిన కాడ మేడం!"